మేక ఏమైంది? మూడు భాగాల గేమ్‌కు ముగింపు సిద్ధం చేసుకునే పద్ధతి

కోనసీమలో మా నాన్నకు చిన్న కిరాణా కొట్టు ఉండేది. గల్లాపెట్టె పక్కన పొడుగాటి అరువు పుస్తకం, దానికి దారంతో కట్టిన పెన్సిలు ముక్క. ఎవరైనా ఊరు వదిలి వెళ్లిపోతున్నారని తెలిస్తే ఆయన ముందుగా వాళ్ల పేజీ తీసేవారు. తనకు రావలసిందే కాదు, తాను ఇవ్వవలసింది కూడా చూసేవారు. వాళ్లు కొట్లో మరిచిపోయిన నూనె డబ్బా, చిల్లర లేక ఆపిన రెండు రూపాయలు, అన్నీ అందులో ఉండేవి. లెక్క తేలాక పేజీ అడుగున అడ్డంగా ఒక గీత గీసి, ఆ తరువాతే మంచీ చెడ్డా మాట్లాడేవారు.

నాది వీడియో గేమ్‌లకు కథలు, సంభాషణలు రాసే పని. హైదరాబాదులో పద్నాలుగేళ్లుగా ఇదే చేస్తున్నాను. జీతం కోసం రాసినవి చాలా ఉన్నా, నావి అని చెప్పుకోగలిగినవి మూడే. అవి కూడా నిజానికి ఒకే కథకు మూడు భాగాలు. మరో ముగ్గురు మిత్రులతో కలిసి ఏడేళ్లు కూర్చుని చేశాను. గోదావరి ఒడ్డున నీట మునగబోయే ఒక ఊరు, ఆ ఊరివాళ్లను అవతలి ఒడ్డుకు చేర్చే లాంచీ, దాన్ని నడిపే ఒక అమ్మాయి.

మొదటి భాగంలో ఒక ముసలావిడ పట్నం ఆసుపత్రికి వెళుతూ తన మేకను లాంచీ అమ్మాయి చేతిలో పెడుతుంది. "నేను వచ్చేదాకా చూడమ్మా" అంటుంది. ఆడేవారు సరేననవచ్చు, కుదరదని కూడా అనవచ్చు. నిజం చెప్పాలంటే ఆ ఘట్టం పెట్టింది లాంచీలోకి సరుకు ఎలా ఎక్కించాలో నేర్పడానికి. ఆ తరువాత ముసలావిడ రాదు, మేక ఊసు ఉండదు. మేము మరిచిపోయాం. ఆడినవాళ్లు మరవలేదు. రెండో భాగం విడుదలైన వారంలో వచ్చిన ఉత్తరాల్లో కథానాయిక సంగతి అడిగినవాళ్లు తక్కువ, "మేక ఏమైంది?" అని అడిగినవాళ్లు ఎక్కువ.

నాన్న పుస్తకం గుర్తొచ్చింది అప్పుడే. మూడో భాగం ముగింపుకు మేము పాటించిన పద్ధతి అంతా అందులోంచి తీసుకున్నదే. మా ఆటను మీలో ఎక్కువమంది ఆడి ఉండరు కాబట్టి ఉదాహరణలు చాలావరకు మాస్ ఎఫెక్ట్ అనే మూడు భాగాల గేమ్ నుంచి ఇస్తాను. కథ ముందే తెలిసిపోతుందని భయపడేవాళ్లు ఆ మూడు ఆటలూ ఆడి రండి. ఓ వంద గంటలు పడుతుంది, తొందరేమీ లేదు.

చివర అడిగే ప్రశ్న మొదటి గంటలోనే అడగాలి

మాస్ ఎఫెక్ట్‌ను కెనడాలోని ఎడ్మంటన్‌లో ఉన్న బయోవేర్ సంస్థ చేసింది. మొదటిది 2007లో, రెండోది 2010 జనవరిలో, మూడోది 2012 మార్చిలో వచ్చాయి. మీరు షెపర్డ్ అనే కమాండర్. యాభై వేల ఏళ్లకొకసారి వచ్చి నాగరికతలన్నిటినీ ఊడ్చిపెట్టే రీపర్లనే యంత్రాలను ఆపాలి. ఆ ఆట ప్రత్యేకత ఏమిటంటే, మొదటి భాగంలో మీరు తీసుకున్న నిర్ణయాలు, ఆట స్థితిని దాచుకునే సేవ్ ఫైలు వెంట రెండోదానికి, అక్కడి నుంచి మూడోదానికి వెళతాయి. 2007లో మీరు పోగొట్టుకున్న మిత్రుడు 2012లోనూ ఉండడు.

నేను మూడోదాన్ని తెల్లవారుజామున మూడు గంటలకు ముగించాను. ఆఖరి పది నిమిషాల్లో, అంతవరకు కథలో మాట్లాడని ఒక శక్తి పసివాడి రూపంలో ప్రత్యక్షమై మూడు దారులు చూపించింది. రీపర్లను నాశనం చేయడం, వాటిని అదుపులోకి తెచ్చుకోవడం, జీవులనూ యంత్రాలనూ కలిపి ఒక్కటి చేయడం. ఎరుపు, నీలం, ఆకుపచ్చ. ఏది ఎంచుకున్నా వచ్చేది దాదాపు అదే దృశ్యం, వెలుగు రంగు మాత్రం వేరు. అభిమానులు ఊరుకోలేదు. పైన మూడు రంగుల పూత, లోపల ఒకటే రుచి ఉన్న కప్‌కేకులు నాలుగు వందలకు పైగా చేయించి బయోవేర్ కార్యాలయానికి పంపారు. విమర్శను ఇలా తినిపించడం నేను మరెక్కడా వినలేదు. అదే నిరసన పేరుతో పిల్లల ఆసుపత్రులకు ఆటవస్తువులు అందించే ధార్మిక సంస్థకు 80,000 డాలర్లకు పైగా పోగు చేశారు. చివరికి జూన్ 26న సంస్థ ముగింపును పొడిగించి, ఆ భాగాన్ని ఉచితంగా ఇచ్చింది.

విషాదాంతం కాబట్టి జనానికి నచ్చలేదని అప్పట్లో కొందరు తేల్చేశారు. నేను ఒప్పుకోను. తప్పు ఎక్కడుందో చూడాలంటే అదే ఆట నడిమి భాగానికి వెళ్లాలి. క్వేరియన్లు అనే జాతి గెత్ అనే యంత్రాలను తయారుచేసింది. ఆ యంత్రాలకు తెలివి రాగానే భయపడి చంపబోయింది, మూడు వందల ఏళ్లుగా ఆ పగ సాగుతోంది. ముందు ఆటల్లో టాలీ అనే క్వేరియన్, లీజియన్ అనే గెత్ విషయంలో సరిగ్గా నడుచుకుని ఉంటే మూడో ఆటలో ఆ రెండు పక్షాలనూ కలపవచ్చు. నేను కలిపాను. ఏళ్ల తరబడి కూడబెట్టిన దానికి ఫలం అది. తరువాత ఆ పసివాడు వచ్చి, సృష్టించినవారికీ యంత్రాలకూ ఎన్నటికీ పొసగదు కాబట్టే ఇదంతా అంటాడు. "మొన్ననే పొసిగేలా చేశాను కదా" అని అనడానికి నాకు మీట లేదు. చేతిలో రసీదు ఉంది, కౌంటరు దగ్గర మనిషి దాన్ని చూడడు. ఆ కోపాన్ని విషాదం మీది కోపంగా పొరబడ్డారు.

అందుకని మొట్టమొదటి పని ఇది. ఒక పోస్టుకార్డు తీసుకోండి. మూడో ఆట ఆఖరున ఆడేవారు ఏ ప్రశ్నకు జవాబు చెప్పాలో ఒకే వాక్యంలో రాయండి. కథ నడక రాయవద్దు, ఎవరు చస్తారో రాయవద్దు, ప్రశ్న మాత్రమే. ఆ ప్రశ్న మొదటి ఆట మొదటి గంటలో ఏదో చిన్న రూపంలో వచ్చిందా అని చూడండి. రాకపోతే ప్రశ్నైనా మార్చండి, మొదటి గంటైనా మార్చండి. మా కార్డు మీద ఉన్నది: "ఆఖరి లాంచీలో చోటు ఎవరికి?" మొదటి భాగం మొదటి దృశ్యంలో లాంచీలో పన్నెండు బస్తాలకే చోటుంటుంది, ఒడ్డున పదమూడు ఉంటాయి. ఆ పదమూడో బస్తా దగ్గర అభ్యాసం మొదలైతేనే, మూడేళ్ల తరువాత పదమూడో మనిషి ఎదురైనప్పుడు ఆడేవారి చేయి ఆగుతుంది.

బాకీ పుస్తకం

మాది ఎక్సెల్ షీటు. ఐదు గడులు. ఏ భాగంలో, ఎవరికి, ఏ మాట ఇచ్చాం, ఎలా చెల్లిస్తాం, ఎంత ఖర్చు. రెండు వరుసలు ఉన్నవున్నట్టు దించుతున్నాను.

భాగం 1. ముసలావిడ. మేకను చూస్తామన్నాం లేదా చూడమన్నాం. చెల్లింపు: ఖాళీ. ఖర్చు: ఖాళీ.

భాగం 2. బడి పంతులు. హాజరు పట్టీలు తడవకుండా దాటిస్తామన్నాం. చెల్లింపు: ఆఖరి ప్రయాణంలో పట్టీ తెరిచి పేర్లు పిలుస్తాడు. ఖర్చు: బొమ్మ ఒకటి, గొంతు రెండు నిమిషాలు.

రాయడం మొదలుపెట్టేటప్పుడు అందరూ చేసే పొరపాటు, ఆడేవారు నొక్కిన నిర్ణయాలనే బాకీలుగా లెక్కపెట్టడం. మీరు ఎక్కడ కెమెరాను రెండు క్షణాలు ఎక్కువ నిలిపారో అదీ బాకీయే. పేరు పెట్టిన ప్రతి మనిషి, తాళం వేసి చూపించిన ప్రతి తలుపు, సగంలో ఆపిన ప్రతి పాట పద్దులోకి ఎక్కాలి. మాస్ ఎఫెక్ట్ రెండో ఆటలో టాలీ కోసం హేస్ట్రమ్ అనే గ్రహానికి వెళతాం. అక్కడి సూర్యుడు వయసు రాకుండానే ముసలివాడవుతున్నాడని, కృష్ణశక్తి (డార్క్ ఎనర్జీ) ఏదో కారణం కావచ్చని చెబుతారు. ఒళ్లు జలదరించే సంగతి. మూడో ఆటలో దాని ఊసే లేదు. మొదటి ఆటకు ముఖ్య రచయిత అయిన డ్రూ కార్పిషిన్ తరువాత ఆ జట్టును వదిలి వెళ్లాడు. కృష్ణశక్తి చుట్టూ కథను ముగించాలనే ఆలోచన ఒకప్పుడు పరిశీలనలో ఉండేదని ఆయనే బయట చెప్పాడు. ఆలోచన మారడం తప్పు కాదు, రోజూ జరిగేదే. మారినప్పుడు పాత పద్దును వెతికి చెల్లు వేయాలి.

ఆట బయట ఇచ్చిన మాటలు కూడా రాసుకోండి. విడుదలకు ముందు ఆ ఆట దర్శకుడు కేసీ హడ్సన్ ఒక ముఖాముఖిలో, ఇది ఏ, బీ, సీ అని లెక్కపెట్టే రకం ముగింపు కాదన్నారు. చివరికి మూడు రంగులు కనబడగానే జనం తీసింది ఆ మాటనే. మీ ప్రచారం చూసే మనిషి ఎవరైతే వారు మీ షీటు చూడకుండా నోరు తెరవకూడదు. మా బృందంలో ఆ పని చేసేది నేనే కాబట్టి నన్ను నేనే రెండుసార్లు తిట్టుకున్నాను.

ఇక చెల్లింపు. ఇక్కడ లెక్క భయపెడుతుంది. అవును-కాదు నిర్ణయాలు పది ఉంటే 1,024 రకాల చరిత్రలు తయారవుతాయి. అన్నిటికీ వేరువేరు ముగింపులు రాయాలనుకుంటే ఈ జన్మ చాలదు. కాబట్టి ప్రతి బాకీని మూడు ధరల్లో ఒకదానికి కట్టండి. అన్నిటికంటే చవక మాట, అంటే ఎవరో ఒకరు ఒక వాక్యంలో గుర్తుచేయడం. తరువాతిది మనిషి. అన్నిటికంటే ఖరీదైనది మలుపు, అంటే కథ దారే మారిపోవడం. మా షీటులో 63 పద్దులుంటే మలుపులకు మేము పెట్టుకున్న హద్దు నాలుగు.

నేను ఎక్కువగా నమ్మేది మధ్యలోదాన్ని. అదెలా పనిచేస్తుందో మాస్ ఎఫెక్ట్‌లో తుచాంకా అనే గ్రహం మీద చూడండి. క్రోగన్ల జాతికి పిల్లలు పుట్టకుండా చేసిన జీనోఫేజ్ అనే వ్యాధికి మందు ఇవ్వాలి. ఆ మందు తయారుచేసే సలేరియన్ శాస్త్రవేత్త మోర్డిన్. క్రోగన్ల నాయకుడు రెక్స్. మొదటి ఆటలో మీరు రెక్స్‌ను కాపాడుకోలేకపోతే అతని చోట రీవ్ అనే వేరొక నాయకుడు ఉంటాడు, పగ తప్ప మరొకటి తెలియనివాడు. రెండో ఆటలో మోర్డిన్ చనిపోయి ఉంటే ఆ చోట పాడక్ విక్స్ అనే మరో శాస్త్రవేత్త నిలబడతాడు. అదే గోపురం, అదే మంట, అవే మెట్లు. కట్టిన దృశ్యం ఒకటే అయినా మనిషి మారడంతో బరువు మారిపోతుంది. మోర్డిన్ ఉంటే అతను పాట కూనిరాగం తీస్తూ పైకి వెళ్లి ప్రాణం ఇస్తాడు. అదే రీవ్ నాయకుడై, క్రోగన్ స్త్రీ ఈవ్ కూడా బతకకపోతే, ఈ జాతికి మందు ఇవ్వడం ప్రమాదమని మోర్డిన్‌ను ఒప్పించవచ్చు, అప్పుడతను బతికిపోతాడు. ఈవ్ బతుకు దేని మీద ఆధారపడిందో తెలుసా? రెండో ఆటలో ఒక ప్రయోగశాలలో దొరికిన పరిశోధన సమాచారాన్ని మీరు చెరిపేశారా, దాచారా అన్నదాని మీద. రెండేళ్ల కిందటి చిన్న మీట. ఇంత పొందికగా బాకీ తీర్చిన ఘట్టం గేమ్‌లలో నాకు ఇంకొకటి తెలియదు. ఆ ఆటను ముగింపు కారణంగా మొత్తంగా తీసిపారేసేవాళ్లతో నేను అందుకే వాదిస్తాను.

అదే ఆటలో చెడ్డ చెల్లింపు కూడా ఉంది. మొదటి ఆటలో రాక్నై అనే పురుగుల జాతికి మిగిలిన ఏకైక రాణిని చంపాలా, వదలాలా అని మిమ్మల్ని అడుగుతారు. జాతిని తుడిచేయడమంటే మాటలా! నేను ఆట ఆపి టీ పెట్టుకుని ఆలోచించాను. మూడో ఆటలో, చంపినవాళ్లకు కూడా రీపర్లు తయారుచేసిన నకిలీ రాణి ఒకటి అదే గుహలో, అదే పోరాటంలో ఎదురవుతుంది. మలుపు ధర అడిగి మాట ధర చెల్లించారు. మీ దగ్గర డబ్బు లేకపోతే మొదట్లోనే ప్రశ్నను చిన్నది చేసి అడగండి.

అంకె చూపించవద్దు, ముఖం చూపించండి

రెండో మాస్ ఎఫెక్ట్ ఆఖరి ఘట్టాన్ని ఆడినవాళ్లందరూ సూయిసైడ్ మిషన్ అని పిలుస్తారు. ఓడకు కవచం వేయించకపోతే అక్కడికి చేరకముందే మన జట్టులోని జాక్ చనిపోతుంది. గొట్టంలోంచి పాకాల్సిన పనికి తగని మనిషిని పంపితే ఆ మనిషి తిరిగి రాడు. శత్రువులు ఎత్తుకుపోయిన ఓడ సిబ్బందిని కాపాడడానికి వెంటనే బయలుదేరితే అందరూ దక్కుతారు, మధ్యలో ఒకటి రెండు వేరే పనులు చూసుకుని వెళితే సగం మంది మీ కళ్లముందే కరిగిపోతారు. మరీ అజాగ్రత్తగా ఉంటే షెపర్డే చనిపోతాడు, ఆ సేవ్ ఫైలు మూడో ఆటకు పనికిరాదు. ప్రతి తప్పుకూ ఒక ముఖం ఉంది.

మూడో ఆటలో అదే సంస్థ అదే బాకీలను అంకెలుగా మార్చింది. మీరు కూడగట్టిన నౌకాదళాలు, ఇంజనీర్లు, పాత మిత్రులు అందరూ ఒక పట్టికలో పాయింట్లయ్యారు. పైగా ఇంటర్నెట్‌లో ఇతరులతో కలిసి ఆడే విభాగం ముట్టుకోకపోతే ఆ మొత్తంలో సగమే లెక్కకొచ్చేది. కష్టపడి కలిపిన గెత్, క్వేరియన్ నౌకలు ఆఖరి యుద్ధంలో ఏం చేశాయి? పట్టికలో ఒక వరుసను పెంచాయి. మీ షీటులో చెల్లింపు గడిలో "పాయింట్లు" అన్న మాట కనబడితే కొట్టేసి, ఎవరు వస్తారు, ఏం చేస్తారు అని క్రియతో రాయండి. "పంతులు పేర్లు పిలుస్తాడు." అంతే.

ఆఖరి మీట అవసరమేనా?

చివర్లో మూడు తలుపులు పెట్టి ఒకటి ఎంచుకోమనడం రాసేవాళ్లకు సుఖం. దానివల్ల ముందు వంద గంటలు అలంకారమైపోతాయి. ఏ సేవ్ ఫైలుతో వచ్చినా అవే తలుపులు కదా. పోలండ్‌కు చెందిన సీడీ ప్రాజెక్ట్ రెడ్ చేసిన విచర్ ఆటలు మూడు, 2007, 2011, 2015ల్లో వచ్చాయి. మూడోదాంట్లో కథానాయకుడి పెంపుడు కూతురు సిరి చివరికి ఏమవుతుందో తేల్చే మీట ఆఖరున లేదు. అంతకుముందు ఆమె నిరాశగా కూర్చున్నప్పుడు మీరు మంచుముద్దలు విసురుకుంటూ ఆడించారా, లేక ప్రతిదాంట్లో నెగ్గనక్కరలేదులే అని మద్యం పోశారా? మాంత్రికురాళ్ల సభకు ఆమెను ఒంటరిగా వెళ్లనిచ్చారా, వెంటబడ్డారా? తనకు సాయపడి చనిపోయిన కుర్రవాడి సమాధి చూస్తానంటే తీసుకెళ్లారా? ఇలాంటివి కూడి ఆమె ధైర్యంగా మారుతాయి లేదా మారవు. తండ్రి తీర్పు కాదు, పెంపకం లెక్కకొచ్చింది. చెప్పకుండా పరీక్ష పెట్టారని చిరాకుపడినవాళ్లున్నారు, అందులోనూ న్యాయముంది. కానీ ఆడిన మనిషికి తన ముగింపు తనదే అనిపించడానికి ఇంతకంటే మంచి దారి నాకు దొరకలేదు. మేము రెండూ కలిపాం. ఆఖరి చోటు ఎవరికన్నది ఆడేవారే చెబుతారు, ఆ మనిషి లాంచీ ఎక్కడానికి ఒప్పుకుంటాడా లేదా అన్నది మాత్రం అంతకుముందు రెండు భాగాల నడవడిక తేలుస్తుంది.

మీ నియమాలు మీకూ వర్తిస్తాయి

ఇది చిన్న విషయమే, రెండు ముక్కల్లో చెబుతాను. 2011లో రెండో మాస్ ఎఫెక్ట్‌కు వచ్చిన ఒక అదనపు భాగంలో, నక్షత్రాల మధ్య ప్రయాణానికి వాడే రిలే ఒకటి పేలితే దాని చుట్టూ ఉన్న సౌరమండలమంతా బూడిదై మూడు లక్షల మందికి పైగా చనిపోతారు. ఏడాది తరువాత మూడో ఆట ముగింపులో రిలేలన్నీ పేలాయి. లెక్క తెలిసినవాళ్లు "అయితే అందరూ చచ్చినట్టే కదా" అనుకున్నారు. రాసినవారి ఉద్దేశం అది కాదు. పొడిగించిన ముగింపులో అవి దెబ్బతిన్నాయే తప్ప తుడిచిపెట్టుకుపోలేదని చూపించి సర్దుకున్నారు. బాకీ పుస్తకం వెనుక పేజీల్లో మీ లోకం నియమాలు రాసుకుని, ముగింపును వాటితో ఒకసారి తడిమి చూడండి.

కథ కంచికి, మనం ఇంటికి

మా అమ్మమ్మ ప్రతి కథనూ ఈ మాటతోనే ముగించేది. అందులో రెండు సగాలున్నాయని గేమ్‌లు రాయడం మొదలుపెట్టాకే గమనించాను. కథను కంచికి పంపడం ఒకటి, విన్నవాళ్లను ఇంటికి చేర్చడం ఇంకొకటి. మూడో మాస్ ఎఫెక్ట్ కథను కంచికి పంపింది, మనల్ని దారిలో దించేసింది. వెలుగు వ్యాపించాక మనతో భూమి మీద పోరాడుతున్న మిత్రులు ఎలా ఎక్కారో తెలియదు, షెపర్డ్ ఓడ నార్మండీలో ఎక్కడో అడవిలో కూలి, తలుపు తీసుకుని బయటికొచ్చారు. పేర్లు పడ్డాయి. ఆ తరువాత తెరమీద ఒక సందేశం, అదనపు భాగాలతో ఈ గాథను ఇంకా కొనసాగించవచ్చని. పెళ్లి భోజనం సగంలో ఉండగా చదివింపుల పుస్తకం ముందుకు జరిపినట్టు అనిపించింది నాకు.

జూన్‌లో వచ్చిన పొడిగింపులో మిత్రులను ఓడ ఎక్కించే దృశ్యం కలిపారు, ఎవరు ఏమయ్యారో బొమ్మలతో, గొంతుతో చెప్పారు. అసలు వీడ్కోలు మాత్రం 2013 మార్చిలో వచ్చిన సిటడెల్ అనే భాగంలో దొరికింది. షెపర్డ్ ఇంట్లో విందు. బతికున్న పాత మిత్రులు వస్తారు, తాగుతారు, ఒకరినొకరు ఆటపట్టించుకుంటారు. కథ ప్రకారం అది ఆఖరి యుద్ధానికి ముందు జరిగింది. అయినా ఆడినవాళ్లలో చాలామంది దాన్నే తమ ముగింపుగా గుండెల్లో పెట్టుకున్నారు. అందులో లోకాన్ని కాపాడే పనేమీ లేదు, సోఫాలో ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారన్నదే ఉంది.

ఆఖరి పోరాటం అయ్యాక ఎంత సమయం ఇవ్వాలి? నా కొలత, మూడో ఆట నిడివిలో ఇరవయ్యో వంతు. మా మూడో భాగం ఐదు గంటలది, లాంచీ అవతలి ఒడ్డు చేరాక పదిహేను నిమిషాలుంది. ఆ పదిహేను నిమిషాల్లో గెలుపోటములు లేవు. అమ్మాయి సామాను దించుతుంది, కొత్త ఊరిలో ఎవరి ఇల్లు ఎక్కడో అడుగుతుంది, తాళాలు ఇస్తుంది. ఆడేవారి చేతిలో మీట మాత్రం ఉండాలి, తెరమీద బొమ్మలు దొర్లుతుంటే కూర్చుని చూడడం ఇంటికి వెళ్లడం కాదు.

పని వరుస

ముగింపును ఆఖరున తయారుచేయవద్దు. అప్పటికి డబ్బు అయిపోతుంది, ఓపిక అంతకంటే ముందే అయిపోతుంది. మేము మూడో భాగంలో మొదట ఆఖరి లాంచీ ప్రయాణాన్ని రంగులు లేని డబ్బా బొమ్మలతో కట్టాం, తరువాత ఆరంభం, నడుమ భాగం అన్నిటికంటే చివర. నడుమ ఎక్కడైనా ఒక ఘట్టం ఎగిరిపోతే ఎవరూ ఉత్తరం రాయరు.

రాసేవాళ్లు మారిపోతారని ముందే ఒప్పుకోండి. ఏడేళ్లంటే పెళ్లిళ్లు, పిల్లలు, వేరే ఉద్యోగాలు. మనకు ఇది కొత్తేమీ కాదు. భారతాన్ని నన్నయ మొదలుపెట్టి అరణ్యపర్వం నడుమ ఆపితే, తిక్కన విరాటపర్వం నుంచి చివరిదాకా పదిహేను పర్వాలు రాశాడు. మధ్యలో మిగిలిన ఖాళీని తరువాతి కాలంలో ఎర్రన పూరించాడు, అదీ నన్నయ పేరుమీదనే, ఆయన శైలితో ఎత్తుకుని తిక్కన శైలిలో కలిసిపోయేలా. మీకు ఎర్రన దొరుకుతాడన్న నమ్మకం లేదు. కనీసం పద్దు ఎందుకు రాశారో పక్కనే ఒక వాక్యం రాసి పెట్టండి.

మూడో భాగంతోనే మొదలుపెట్టేవాళ్లకు ఒక చరిత్ర ఇవ్వాలి. రెండో మాస్ ఎఫెక్ట్ 2011లో ప్లేస్టేషన్‌కు వచ్చినప్పుడు మొదటిది ఆ యంత్రం మీద లేదు. అందుకని ముఖ్యమైన నిర్ణయాలను ఒక బొమ్మల కథలో అడిగి తెలుసుకున్నారు. మేము లాంచీ రేవులో టీ కొట్టువాడితో ఆరు ప్రశ్నలు అడిగించాం.

తరువాత కాగితం మీద పరీక్ష. మా బొమ్మలు వేసే అమ్మాయి వాళ్ల అమ్మగారు మొదటి భాగం మాత్రమే ఆడారు. ముగింపును అట్టముక్కల మీద ముద్రించి వాళ్ల ఇంటి హాల్లో చాప మీద వరుసగా పెట్టాం. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని ఒక్కొక్కటి తీసి చదివారు, మేము మాట్లాడకూడదని ఒప్పందం. ఆఖరి అట్ట చదివాక దాన్ని తిరగేసి వెనుక ఏమైనా ఉందేమోనని చూశారు. ఖాళీగా ఉంది. ఆవిడ ఏమీ అనలేదు, అట్టల దొంతరను సర్ది నా చేతికిచ్చారు. ఆ రాత్రే పదిహేను నిమిషాల ఇంటిదారి రాయడం మొదలుపెట్టాను. రెండోసారి చదివించినప్పుడు ఆవిడ చివరి అట్టను తిరగేయలేదు, మోకాలి మీద పెట్టుకుని కాసేపు అలాగే ఉంచుకున్నారు. "బాగుంది" అన్న మాట కంటే ఆ చేతిని చూడండి.

మేక పద్దు ఇంకా ఉంది కదా. మలుపుకు డబ్బు లేదు, మనిషి ధర కూడా ఎక్కువే. మాట ధరకే కట్టాం, అదీ మాట లేకుండా. శబ్దాలు చూసే మిత్రుడు సంతలో ఒక మువ్వ కొని తెచ్చి మూడు రకాలుగా రికార్డు చేశాడు. మేకను చూస్తానన్నవాళ్లకు ఆఖరి ప్రయాణంలో ఇంజను చప్పుడు కింద లాంచీలోనే ఆ మువ్వ వినిపిస్తుంది. కుదరదన్నవాళ్లకు అవతలి ఒడ్డు చేరాక, ఎవరింటి వెనుక నుంచో వినిపిస్తుంది. ముసలావిడ కొత్త ఊరిలో ఒక అరుగు మీద కూర్చుని ఉంటుంది, ఆవిడ వైపు వెళితే తల ఎత్తి చూస్తుంది. ఖర్చు గడిలో "మువ్వ 40 రూపాయలు, ఒక పూట పని" అని రాసి, ఆ వరుస కింద అడ్డంగా గీత గీశాను.

విడుదలైన పదో రోజున ఒక ఉత్తరం వచ్చింది. అందులో ఒకటే ప్రశ్న: మేక ఈనిందా?